బ్రేకు పెడల్ మెత్తబడిందా, కుంగుతోందా?

హనుమకొండలో ఒక సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. రోడ్డు అక్కడ కాస్త వాలు. కాలు బ్రేకు మీద తేలిగ్గా ఆనించి, ముందున్న ఆటో వెనక రాసిన అక్షరాలు చదువుతున్నాను. అక్షరాలు మెల్లమెల్లగా పెద్దవవుతున్నాయి. ఆటో వెనక్కి వస్తోందేమోనని హారన్ కొట్టబోయి చూసుకుంటే, కదులుతున్నది నా కారే. కాలు నేను ఎత్తలేదు. పెడలే కాలి కింద చప్పుడు చేయకుండా నేలవైపు దిగిపోతోంది. వదిలి మళ్లీ తొక్కాను. పైకి వచ్చి గట్టిగా నిలబడింది. పది సెకన్లు గడిచాక మళ్లీ అదే దిగుడు.

మర్నాడు ఇంటికి దగ్గరలో ఉన్న షెడ్డుకు తీసుకెళ్లి "బ్రేకు కిందికి పోతోంది" అన్నాను. అక్కడి కుర్రవాడు బానెట్ కూడా ఎత్తకుండానే "గాలి పట్టింది సార్, ఎయిర్ తీస్తే సరిపోతుంది" అన్నాడు. తీశాడు. నాలుగు రోజులు కూడా నిలవలేదు, పైగా ఈసారి మరింత త్వరగా దిగసాగింది. రెండోసారి వెళితే మళ్లీ గాలి తీశాడు. మూడోసారి వెనక చక్రాల లైనర్లు మార్చాడు. డబ్బు పోయింది, జబ్బు అలాగే ఉంది. కోపం వచ్చిన మాట నిజమే. తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే, సగం తప్పు నేను చెప్పిన మాటలోనే ఉందని తోచింది. డాక్టరు దగ్గరికి వెళ్లి "ఒంట్లో బాగాలేదు" అని మాత్రం చెప్పి మందు రాయమంటే ఆయన మాత్రం ఏం రాస్తారు?

చివరికి ఆటోనగర్‌లో అందరూ చాచా అని పిలిచే ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి చేరాను. ఆయన పానా పట్టకముందే ఒక ప్రశ్న అడిగారు. "తొక్కగానే దిగుతుందా, తొక్కి పట్టుకున్నాక దిగుతుందా?"

అంతవరకు నాకు ఆ రెండూ ఒకటే. ఒకటి కాదని తెలియడానికి బ్రేకు లోపల జరిగే పని కొంత తెలియాలి.

కాలి బలం చక్రం దాకా ఎలా వెళుతుంది

తొలినాటి కార్లలో బ్రేకును ఇనుప కడ్డీలు, తీగలు లాగేవి. నాలుగు చక్రాలకూ సమానంగా లాగడం వాటివల్ల అయ్యేది కాదు. కారు ఒక పక్కకు గుంజేది. అమెరికాలో 1921లో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ కారు నాలుగు చక్రాలకూ ద్రవంతో నడిచే బ్రేకులు పెట్టుకుని ఆ బాధ తప్పించింది. దాని వెనకున్న సూత్రం 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్‌ది. మూసి ఉన్న పాత్రలోని ద్రవం మీద ఒకచోట ఒత్తితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. మీరు పెడల్ తొక్కితే, ద్రవాన్ని ముందుకు నెట్టే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ముందుకు జరుగుతుంది. ఎదుటనున్న ద్రవం సన్నని ఇనుప గొట్టాల గుండా, చివరన రబ్బరు గొట్టాల గుండా చక్రాలకు చేరి, ముందు చక్రాల్లో డిస్కును ప్యాడ్లతో నొక్కుతుంది, చాలా కార్లలో వెనక చక్రాల్లో డ్రమ్ముకు లైనర్లను ఆనిస్తుంది. హ్యాండ్‌బ్రేకు మాత్రం చాలా కార్లలో ఇప్పటికీ తీగ మీదే నడుస్తోంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇందులో కీలకం ద్రవాన్ని నొక్కి చిన్నది చేయలేకపోవడం. గాలిని చేయవచ్చు. ఎంత తేడానో ఒక లెక్క వేసుకుందాం. మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు అనుకుంటే దాని అడ్డుకోత వైశాల్యం సుమారు 314 చదరపు మిల్లీమీటర్లు. గొట్టంలో ఎక్కడో ఒక్క సీసీ గాలి చిక్కుకుందనుకోండి. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు లోపలి ఒత్తిడి వాతావరణ పీడనానికి 50 రెట్లకు చేరితే ఆ గాలి యాభయ్యో వంతుకు నలిగిపోతుంది, అంటే దాదాపు మాయమైనట్టే. మాయమైన ఆ ఒక్క సీసీ చోటు నింపడానికి పిస్టన్ అదనంగా 3 మిల్లీమీటర్లకు పైగా జరగాలి. పెడల్ ఒక మీట. పిస్టన్ దగ్గర ఒక మిల్లీమీటరు జరగాలంటే కాలి దగ్గర సుమారు నాలుగు జరగాలి. కాబట్టి ఒక్క సీసీ గాలికి మీ కాలి కింద ఒకటింబావు సెంటీమీటర్ల ఖాళీ తొక్కుడు. ఐదు సీసీలైతే ఆరు సెంటీమీటర్లు. పెడల్ మొత్తం ప్రయాణమే జానెడు ఉండదు.

అందుకే గాలి పట్టిన బ్రేకు తడి స్పాంజి మీద కాలు వేసినట్టు ఉంటుంది. తొక్కిన కొద్దీ లోపలికి పోతుంది, వదిలిన కొద్దీ కాలిని పైకి నెడుతుంది. కానీ ఒక చోట తొక్కి పట్టుకుంటే అక్కడే ఉంటుంది. గాలి నలుగుతుంది తప్ప ఎక్కడికీ పోదు కదా. పట్టుకున్నాక కూడా దిగుతోందంటే ద్రవం ఎటో దారి చూసుకుంటోందన్నమాట. చాచా ప్రశ్నలోని కిటుకు ఇదే.

మెత్తదనం

గాలి లోపలికి ఊరికే రాదు. ఎవరో గొట్టం విప్పి బిగించి ఉండాలి, లేదా బానెట్ కింద బ్రేకు ద్రవం నిల్వ ఉండే డబ్బాలో అది అడుగంటేదాకా చూడకుండా వదిలేసి ఉండాలి, లేదా గాలి తీసే పనే సరిగా జరగకపోయి ఉండాలి. ఏ పనీ చేయించకుండా, ద్రవం తగ్గకుండా పెడల్ మెత్తబడితే గాలిని అనుమానించడానికి నేను తొందరపడను.

గాలి తీయడం చూడటానికి తేలిక. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటారు, ఇంకొకరు చక్రం దగ్గర గాలి, ద్రవం బయటికి వదిలే చిన్న నిపుల్ వదులు చేసి మళ్లీ బిగిస్తారు. నిపుల్ బిగించకముందే పైనున్నవారు కాలు ఎత్తితే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. ఇద్దరి మధ్య మాట కుదరని చోట ఎన్నిసార్లు తీసినా గాలి తరగదు. ఇంకో విచిత్రం, ముందు చక్రాల్లో ప్యాడ్లను నొక్కే క్యాలిపర్లు మార్చినప్పుడు ఎడమది కుడికి, కుడిది ఎడమకు బిగించేస్తారు. చాలా కార్లలో అవి చక్కగా సరిపోతాయి కూడా. కానీ పైన ఉండాల్సిన నిపుల్ కిందికి వస్తుంది. గాలి పైకి తేలేది, నిపుల్ కింద ఉండేది, ఇక ఎంత ద్రవం వదిలినా బుడగ కదలదు. క్యాలిపర్ పని చేయించిన తర్వాతే మెత్తదనం మొదలైతే ముందు వంగి నిపుల్ ఎటు ఉందో చూడండి.

గాలి కాకుండా మెత్తదనానికి రెండో కారణం ఆవిరి. దీనికి మన వాతావరణానికీ, నేలకూ సంబంధం ఉంది.

మనం "బ్రేక్ ఆయిల్" అంటాం గానీ అది నూనె కాదు. గ్లైకాల్ ఈథర్ల జాతి ద్రవం. గాలిలోని తేమను నెమ్మదిగా తనలోకి లాక్కుంటుంది. రబ్బరు గొట్టాల గోడల గుండా కూడా తేమ చొరబడుతుంది. డాట్ 3 అనే రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే కొత్తగా 230, తేమ పట్టాక 155. ప్యాడ్లు వేడెక్కి ఆ వేడి క్యాలిపర్‌లోకి దిగినప్పుడు లోపలి ద్రవం మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. ఆవిరి కూడా గాలిలాగే నలుగుతుంది. పెడల్ ఒక్కసారిగా డొల్లగా కిందికి పోతుంది. కాసేపు ఆగితే చల్లారి, ఆవిరి మళ్లీ ద్రవమై, బ్రేకు మామూలుగా మారి మిమ్మల్ని వెక్కిరిస్తుంది.

వరంగల్ చుట్టుపక్కల దారులు చాలావరకు బల్లపరుపు. ఇక్కడ రోజూ తిరిగే కారులో ఆరేళ్ల పాత ద్రవం ఉన్నా ఏ లోపమూ బయటపడదు. ఎండాకాలంలో 45 డిగ్రీలు కాసినా ఆ వేడి బ్రేకుకు ఒక లెక్కలోది కాదు. అదే కారులో ఇంటిల్లిపాదీ ఎక్కి, సామాను నింపుకుని, నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ మలుపుల్లోనో, ఆసిఫాబాద్-ఉట్నూరు దారిలో కెరమెరి ఘాట్ దిగుతూనో బ్రేకు మీదే కాలు పెట్టుకుని ఉంటే అప్పుడు ఆ ఆరేళ్ల తేమ లేచి కూర్చుంటుంది. ద్రవాన్ని సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమని కంపెనీలు చెప్పేది ఇందుకే. దిగుడులో బ్రేకు కన్నా ముందు గేరు తగ్గించమని పాత డ్రైవర్లు అనేదీ ఇందుకే.

దీన్నే పోలిన ఇంకో సంగతితో కలిపేసుకోకూడదు. పెడల్ గట్టిగానే ఉంది, ఎంత తొక్కినా కారు మాత్రం ఆగడం లేదంటే ద్రవం మరగలేదు, ప్యాడ్లు వేడెక్కి పట్టు కోల్పోయాయి. ఆ రెంటికీ మందులు వేరు.

మెత్తదనానికి చివరి కారణం ముసలి రబ్బరు గొట్టాలు. లోపలి పొరలు సడలి, ఒత్తిడికి బుగ్గలా ఉబ్బుతాయి. ఒకరు పెడల్ తొక్కుతుంటే మరొకరు టార్చి వేసి ఒక్కో చక్రం దగ్గర గొట్టాన్ని చూస్తే తెలిసిపోతుంది. చేత్తో పట్టుకున్నా తెలుస్తుంది.

కుంగుడు

నా కారు జబ్బు ఇది. ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

పట్టుకున్న పెడల్ దిగుతోందంటే ద్రవం బయటికైనా పోతూ ఉండాలి, లోపలే వెనక్కైనా జారుతూ ఉండాలి. బయటికి పోతే డబ్బాలో మట్టం తగ్గుతుంది. కాబట్టి మొదటి పని బానెట్ ఎత్తి డబ్బా చూడటం. అయితే మట్టం తగ్గిన ప్రతిసారీ అది కారుడు కాదు. ప్యాడ్లు అరిగిన కొద్దీ క్యాలిపర్ పిస్టన్లు ముందుకు వచ్చి ఆ ఖాళీలో ద్రవం నిలుస్తుంది, పైన మట్టం నెలల తరబడి నెమ్మదిగా తగ్గుతుంది. అది సహజం. అందుకే పాత ప్యాడ్లతో ఉన్నప్పుడు డబ్బాను గీత దాకా నింపితే, కొత్త ప్యాడ్లు వేసిన రోజున అది పొంగి పొర్లి కింద పెయింటును తినేస్తుంది. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు పోసి కడగాలి, గుడ్డతో రుద్దకూడదు. వారంలోనే వేలెడు తగ్గితే మాత్రం తప్పకుండా కారుతున్నట్టే.

కారే చోటు వెతకడం ఓపిక పని. నాలుగు చక్రాల లోపలి వైపు టైరు మీద తడి మరక ఉందేమో చూడాలి. వెనక డ్రమ్ములో లైనర్లను నెట్టే వీల్ సిలిండర్ కారితే బయటికి ఏమీ కనబడకపోవచ్చు. లోపల లైనర్లు నానిపోతాయి, డ్రమ్ము విప్పి సిలిండర్ చివరి రబ్బరు తొడుగు ఎత్తితే అప్పుడు చుక్కలు రాలతాయి. లైనరుకు ఒకసారి ద్రవం పట్టిందంటే ఎండబెట్టినా, రాసినా మళ్లీ నమ్మడానికి లేదు. జతగా మార్చాల్సిందే. అన్నిటికన్నా మాయదారి కారుడు మాస్టర్ సిలిండర్ వెనక వైపుది. ద్రవం అక్కడి నుంచి నేరుగా, కాలి బలానికి సాయం చేసే బూస్టర్ డబ్బా కడుపులోకి పోతుంది. నేల మీద చుక్క పడదు, చక్రాలన్నీ పొడిగా ఉంటాయి, మట్టం మాత్రం తగ్గుతూ ఉంటుంది. సిలిండర్ నట్లు వదులు చేసి కొంచెం ముందుకు జరిపి చూస్తే ఆ సందులో తడి కనబడుతుంది. ద్రవంతో నడిచే క్లచ్ ఉన్న కొన్ని కార్లలో క్లచ్ కూడా అదే డబ్బా నుంచి తాగుతుందని మరిచిపోవద్దు. బ్రేకంతా వెతికి విసిగిపోయాక దొంగ క్లచ్ సిలిండర్‌లో దొరకవచ్చు.

ఇక ద్రవం చుక్క కూడా తగ్గకుండా పెడల్ కుంగడం. మాస్టర్ సిలిండర్ లోపల ఒకదాని వెనక ఒకటి రెండు పిస్టన్లు, వాటికి రబ్బరు కప్పులు ఉంటాయి. కప్పు అంచు సిలిండర్ గోడకు అంటుకుని ఎదుటి ద్రవాన్ని వెనక్కి రానివ్వదు. ఆ అంచు అరిగినా, చిరిగినా, గోడ మీద గీత పడినా, ఒత్తిడిలో ఉన్న ద్రవం అంచు పక్కనుంచి జారి వెనక ఉన్న చోటుకు, అక్కడి నుంచి డబ్బాకు వెళ్లిపోతుంది. ఇంట్లో దొంగతనం జరిగి సొమ్ము ఇంట్లోనే ఉన్నట్టు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. గట్టిగా తొక్కితే లోపలి ఒత్తిడే కప్పు అంచును గోడకేసి అదుముతుంది. అందువల్ల అరిగిన కప్పు కూడా గట్టి తొక్కుడుకు సరిగ్గా పట్టుకోవచ్చు. మెల్లగా ఆనించినప్పుడు ఆ అదుము ఉండదు, సందు మిగిలి ద్రవం జారుతుంది. అంటే ఈ లోపం ప్రమాదం ఎదురైనట్టు తొక్కినప్పుడు దాక్కుని, సిగ్నల్ దగ్గర తీరిగ్గా నిలబడినప్పుడు బయటపడుతుంది. మేడారం జాతరకు వెళుతూ పస్రా దాటాక గంటల తరబడి బారెడు బారెడు చొప్పున కదిలే వరుసలో ఉంటే మొదటిసారి తెలిసివస్తుంది. మెకానిక్ కారు తీసుకుని వీధి చివరిదాకా వెళ్లి, రెండుసార్లు గట్టిగా తొక్కి, "బాగానే ఉంది కదా సార్" అంటాడు. అబద్ధం కాదు, అతని కాలికి అది బాగానే ఉంది.

కప్పు పాడైన సిలిండర్‌కు గాలి తీయడం ఎందుకు మందు కాదో ఇప్పటికి తెలిసే ఉంటుంది. మందు కాకపోగా విషం కావచ్చు. రోజూ నడిపేటప్పుడు పిస్టన్ సిలిండర్‌లో మొదటి కొంత భాగంలోనే ముందుకూ వెనక్కూ ఆడుతుంది. ఆ తర్వాతి భాగంలో ఏళ్ల తరబడి తేమ, తుప్పు, మడ్డి పేరుకుంటాయి. గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేలకు ఆనేదాకా తొక్కిస్తారు. మెత్తని కప్పు అంచు మొదటిసారి ఆ గరుకు గోడ మీదుగా వెళ్లి చీలుతుంది. నిన్నటిదాకా బాగున్న బ్రేకు సర్వీసింగ్ అయిన మర్నాటి నుంచి కుంగడం వెనక తరచుగా ఉండే కథ ఇది. పాత కారుకు గాలి తీయించేటప్పుడు పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టి సగం వరకే తొక్కమనండి. మెకానిక్ నవ్వితే నవ్వనివ్వండి.

పరీక్ష ఇంట్లో చేసుకోదగ్గదే. కారును చదును నేల మీద ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, ఇంజిన్ ఆపేయండి. పెడల్‌ను ఐదారు సార్లు తొక్కి వదిలితే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఖాళీ అయి పెడల్ బిగుస్తుంది. ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఎంత తొక్కుతారో అంతే బలంతో మెల్లగా తొక్కి ఒక నిమిషం పట్టుకోండి. తర్వాత గట్టిగా తొక్కి ఇంకో నిమిషం. రెండుసార్లూ నిలబడితే సంతోషం. మెల్లగా తొక్కినప్పుడు మాత్రమే దిగితే కప్పును అనుమానించాలి. రెండుసార్లూ దిగితే ముందు కారుడు వెతకాలి, అది దొరక్కపోతే కప్పు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా తిరిగి వచ్చాక వేడి మీద ఒకసారి చేస్తే ఇంకా మంచిది.

ఆఖరున పెడల్ మీద కాలు అలాగే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ రవ్వంత కిందికి జరిగి ఆగుతుంది. కంగారు వద్దు, అది బూస్టర్ పని మొదలుపెట్టిందనడానికి గుర్తు. ఇంజిన్ నడుస్తుండగా నిలబడిన కారులో కావాలని బలమంతా పెట్టి తొక్కితే ఏ కారులోనైనా పెడల్ కొంత లోపలికి వెళుతుంది. ఇది చూసి భయపడి మంచి సిలిండర్ మార్పించుకున్నవారు ఉన్నారు. అదే మోడల్ ఇంకో కారులో కూర్చుని తొక్కి పోల్చుకోవడం ఏ పరికరానికీ తీసిపోని పరీక్ష. బూస్టరే పాడైతే పెడల్ మెత్తబడదు, రాయిలా బిగుసుకుంటుంది. కాబట్టి కుంగుడుకు బూస్టర్ మార్చాలని ఎవరైనా అంటే ఎందుకని అడగండి.

అనుమానం ఇంకా తీరకపోతే మేస్త్రి చేయదగ్గ పరీక్ష ఒకటుంది. మాస్టర్ సిలిండర్ నుంచి బయలుదేరే గొట్టాలు విప్పి, అదే మర చుట్లకు సరిపోయే బిరడాలు బిగించి పెడల్ తొక్కాలి. బండలా నిలిస్తే సిలిండర్ నిర్దోషి, లోపం దాని తర్వాత ఉంది. అప్పటికీ దిగితే ఇక వాదన లేదు. కొందరు రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటిగా క్లాంపుతో నొక్కి లోపం ఏ చక్రం వైపుందో పట్టుకుంటారు. వెడల్పాటి దవడలున్న క్లాంపు వాడితే సరే. కటింగ్ ప్లయర్‌తో నొక్కితే ఆ గొట్టం లోపల చిట్లి, రేపటి జబ్బుకు ఇవాళే బీజం పడుతుంది.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ, బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి కావడంతో ఈ వెతుకులాటలో ఇంకో గది చేరింది. ఏబీఎస్ పెట్టెలో ఒత్తిడి వదిలే చిన్న వాల్వులు ఉంటాయి. వాటి సీటు మీద నలకంత మురికి చిక్కినా ద్రవం లోలోపలే జారి పెడల్ కుంగుతుంది. ఆ పెట్టెలో గాలి చిక్కుకుంటే మామూలు పద్ధతిలో పూర్తిగా బయటికి రాదు, స్కానర్ తగిలించి లోపలి మోటారును, వాల్వులను ఆడిస్తూ తీయాలి. అయితే ఇది చివరి అనుమానం కావాలి. ఆ పెట్టె చాలా ఖరీదైనది, దాని మీద నేరం మోపడం మాత్రం చాలా తేలిక.

రెండో తొక్కుడుకు పైకి వస్తే

మొదటిసారి తొక్కితే లోతుగా వెళ్లి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే గట్టిగా ఆగుతుందా? పట్టుకుంటే దిగడం లేదా? అది గాలీ కాదు, కప్పూ కాదు. వెనక డ్రమ్ముల్లో లైనర్లకూ డ్రమ్ముకూ మధ్య దూరం పెరిగింది. ఆ దూరాన్ని దానంతటదే సరిచేసుకునే అడ్జస్టరు తుప్పు పట్టి పనిచేయడం మానేసింది. హ్యాండ్‌బ్రేకు లీవరు మునుపటికన్నా ఎక్కువ పళ్లు పైకి వస్తుంటే అది సాక్ష్యం. గాలి పట్టినప్పుడూ రెండు మూడు తొక్కుళ్లకు పెడల్ కొంత పైకి వస్తుంది కానీ అప్పుడు కూడా కాలి కింద ఆ స్పాంజితనం పోదు. చక్రం బేరింగు వదులైనా, డిస్కు వంకర తిరిగినా, తిరిగే డిస్కు ప్యాడ్లను వెనక్కి నెట్టేసి మొదటి తొక్కుడు ఇలాగే ఖాళీగా పోతుంది. గుంతల రోడ్డు దాటిన వెంటనే ఇలా జరుగుతుంటే చక్రాన్ని జాకీ మీద ఎత్తి, పట్టుకుని ఊపి చూడాలి.

ఇంకో రకం ఉంది. ఒక రోజు ఉన్నట్టుండి పెడల్ సగానికి పైగా దిగి, ఆ తర్వాత గట్టిగా ఆగి, కారు ఆలస్యంగా ఆగుతుంది, ఒక పక్కకు లాగినా లాగవచ్చు. రెండు పిస్టన్లు పెట్టిందే ఇందుకోసం. ఒక దారి తెగిపోతే రెండోది సగం బ్రేకైనా ఇస్తుంది. ముందు చక్రాలు లాగే చిన్న కార్లలో ఈ దారులు సాధారణంగా ఐమూలగా ఉంటాయి, ముందు ఎడమతో వెనక కుడి, ముందు కుడితో వెనక ఎడమ. ఇలా జరిగిన కారును "ఇంటిదాకా నడిపేద్దాం" అనుకోవద్దు. మిగిలిన దారి మీద అదనపు భారం పడుతోంది, అది తెగితే వెనక మూడోది లేదు.

డబ్బాలో పొరపాటున ఇంజిన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ పోయడం గురించి కూడా చెప్పాలి. "ఆయిల్" అన్న పేరే ఈ ప్రమాదం తెచ్చింది. బ్రేకులోని రబ్బరు ఖనిజ తైలానికి ఉబ్బుతుంది. డబ్బా మూత లోపలి రబ్బరు పొర వంకరలు తిరిగి, మూతలో ఇమడకుండా ఉంటే అది తొలి గుర్తు. అలా జరిగితే కప్పులు, సీళ్లు, రబ్బరు గొట్టాలు అన్నీ మార్చాల్సిందే. కడిగి సరిపెడతామనే మాట నమ్మవద్దు.

నడుస్తుండగానే పెడల్ నేలకు పోతే ఏం చేయాలి? కాలు ఎత్తి గబగబా పదేపదే తొక్కండి. గాలైనా, లైనరు దూరమైనా, ఎక్కడో కారుతున్నా, ఒక్కో తొక్కుడుకు కొంత ద్రవం ముందుకు చేరి ఎంతో కొంత ఒత్తిడి పుడుతుంది. అదే సమయంలో గేరు ఒక్కొక్కటిగా తగ్గించండి. హ్యాండ్‌బ్రేకు తీగ మీద నడుస్తుందన్నాను కదా, ద్రవానికి ఏమైనా దానికి సంబంధం లేదు. దాని బొత్తాం నొక్కి పట్టుకుని మెల్లమెల్లగా లాగండి. ఒక్కసారిగా గుంజితే వెనక చక్రాలు బిగుసుకుని కారు అడ్డం తిరుగుతుంది. ఇంజిన్ మాత్రం ఆపవద్దు, స్టీరింగు బరువెక్కుతుంది, బూస్టర్ సాయమూ పోతుంది.

నా కారు సంగతికి వస్తే, చాచా బిరడాలు బిగించి చూశారు. పెడల్ అప్పటికీ దిగింది. లోపలి కప్పుల కిట్టు మార్చవచ్చు గానీ గోడ గీతలు పడి ఉంటే కొత్త కప్పు కూడా రెండు నెలలే అని, మొత్తం సిలిండర్ కొత్తది తెప్పించారు. బిగించకముందు దాన్ని బల్ల మీది వైసు దవడల్లో బిగించి, ద్రవం పోసి, పిస్టన్‌ను నెమ్మదిగా ఆడిస్తూ బుడగలు ఆగేదాకా గాలి తీశారు. ఆ పని జరుగుతుండగా నేను పాత సిలిండర్ విప్పి చూపించమన్నాను. పాత దినపత్రిక పరిచి దాని మీద విప్పారు. కప్పు అంచున గోటితో గీరినంత చీలిక. సిలిండర్ గోడ మీద మొదటి భాగం అద్దంలా ఉంది, దాని తర్వాత గోధుమ రంగు వలయం, ఆ వలయానికి అవతల గరుకు. చాచా ఆ వలయం మీద వేలు పెట్టి, "ఇక్కడిదాకా మీరు తొక్కింది, ఇటు గాలి తీసినవాళ్లు తొక్కింది" అన్నారు.

సాయంత్రానికి కారు సిద్ధమైంది. ఇంజిన్ ఆపి, పెడల్ ఐదారు సార్లు తొక్కి, కాలు తేలిగ్గా ఆనించి కూర్చున్నాను. చాచా కిటికీ దగ్గర నిలబడి ఫోనులో సెకన్లు చూస్తున్నారు. నిమిషం అయింది. పెడల్ కదల్లేదు. దిగబోతుంటే తలుపు మీద చెయ్యి వేసి ఆపారు.

"ఇంకో నిమిషం పట్టండి."